పిల్లిపిల్లకు అప్పగింతలు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్లగొండ. నాకిప్పుడు అయిదో నెల. మూడు వారాల కింద, వాన వెలిసిన సాయంత్రం, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం నుంచి వస్తుంటే రోడ్డు పక్కన మూతి కట్టేసిన యూరియా సంచి ఒకటి కదులుతూ కనిపించింది. మా ఆయన బండి ఆపి విప్పితే మూడు పిల్లి పిల్లలు. రెండు అప్పటికే చచ్చిపోయి ఉన్నాయి. మిగిలినదాన్ని ఇంటికి తెచ్చాం. అప్పటికి అది కళ్ళు తెరిచి ఒకటి రెండు రోజులై ఉంటుంది, ఇప్పుడు మంచాల కింద ఉరుకులు పెడుతోంది. నలుపు, తెలుపు, నారింజ, మూడు రంగులూ ఉన్నాయి. బర్రె పాలలో నీళ్ళు కలిపి పడుతున్నాం, విరేచనాలు అవుతున్నాయి. మాది కిరాయి ఇల్లు, ఓనర్ నెలాఖరుకల్లా పిల్లి కనపడొద్దన్నారు. ఏడో నెలలో నేను పుట్టింటికి పోవాలి, మా ఆయనకు నైట్ డ్యూటీలు. మా అత్తమ్మేమో మిర్యాలగూడలో తన తమ్ముడి రైస్ మిల్లుకు పంపుదాం, ఎలుకల్ని పట్టుకుని బతుకుతుంది అంటోంది. నాతో పనిచేసే టీచర్ మహబూబ్‌నగర్‌లో వాళ్ళక్క కొడుకు పుట్టినరోజుకు గిఫ్టుగా ఇస్తానంటోంది. పానగల్లులో చిన్న కిరాణం నడిపే ఒక పెద్దమ్మ కూడా అడిగింది కానీ ఆమెకు అరవై అయిదేళ్ళు, ఒక్కతే ఉంటుంది. కడుపుతో ఉన్నదానివి నీకు పిల్లి ఏందే అని అందరూ తిట్టేవాళ్ళే. అత్తమ్మ కూడా తిడుతుంది, రాత్రి చలేస్తుందని దాని అట్టపెట్టె మీద తన పాత చీర కప్పేదీ ఆమే. ఆ పిల్లిపిల్ల రెండుమూడు సార్లు నన్ను గీరింది కూడా. ఎవరికిచ్చినా నేనూ ఆ సంచి మూతి కట్టినవాళ్ళలాగే వదిలించుకున్నట్టు అనిపించి నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లె, ముందు ఆ గీరిన సంగతి. మిగతావన్నీ దాని తర్వాతే. ఉత్తరం చివర్లో ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశావు గానీ నాకు మాత్రం అదే మొదట కనపడింది. రేపు పొద్దున్నే ప్రభుత్వ దవాఖానకు పోయి రేబిస్ టీకా అడుగు, డబ్బులేం కట్టనక్కర్లేదు, అక్కడ ఉచితమే. మూడు వారాలైంది కదా ఇంకేం వేసుకుంటాంలే అనుకోవద్దు, ఆలస్యమైనా మొదలుపెట్టాల్సిందే. కడుపుతో ఉన్నా ఈ టీకా వేసుకోవచ్చు, కానీ అయిదో నెల అని డాక్టర్‌తో తప్పకుండా చెప్పు. రక్తం వచ్చిందా, ఒట్టి గీత పడిందా, ఎప్పుడెప్పుడు గీరింది, ఇవన్నీ చెప్తే టీకా ఒక్కటే చాలా లేక గాయం దగ్గర ఇంకో ఇంజెక్షన్ కూడా కావాలా అన్నది వాళ్ళు చూసుకుంటారు. డోసులు మాత్రం వాళ్ళు రాసిచ్చిన తేదీలకే పూర్తి చేయాలి, మొదటి రెండు వేసుకుని ఇంట్లో కూర్చునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నువ్వు అందులో చేరకు. ఇకమీదట గీరితే కుళాయి కింద సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడుగు. పదిహేను నిమిషాలంటే చాలాసేపు, గడియారం చూసుకుంటే తెలుస్తుంది. పసుపు, కారం, సున్నం ఇలాంటివేవీ పెట్టొద్దు. అత్తమ్మను, మీ ఆయన్ను కూడా గీరిందేమో అడుగు, వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

ఇక కడుపులో బిడ్డకు పిల్లితో ప్రమాదం అనే మాట. అది పూర్తిగా మూఢనమ్మకమూ కాదు, వాళ్ళు భయపెట్టినంత పెద్దదీ కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఒకటి ఉంది, పచ్చి మాంసమో ఎలుకనో తిన్న పిల్లికి అది సోకితే కొన్ని రోజుల పాటు దాని గుడ్లు మలంలో బయటికి వస్తాయి, గర్భిణికి కొత్తగా సోకితే బిడ్డకు చెరుపు చేయగలదు, అంతవరకు నిజం. అయితే పిల్లిని ముట్టుకున్నంత మాత్రాన, ఒళ్ళో పెట్టుకున్నంత మాత్రాన అది రాదు. మలంలోంచి వచ్చిన ఆ గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు, ఒక్కోసారి అయిదు రోజుల దాకా పడుతుంది. కాబట్టి దాని ఇసుక తొట్టిని రోజూ శుభ్రం చేస్తే చాలావరకు సమస్యే ఉండదు, ఆ పని నువ్వు కాదు, మీ ఆయన చేయాలి. నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకునే ముందు అయిదు నిమిషాల పని. దానికి ఉడకని మాంసం పెట్టొద్దు. నిజానికి మనుషుల్లో చాలామందికి ఇది సరిగ్గా ఉడకని మాంసం నుంచో, మట్టి పోయేలా కడగని ఆకుకూర నుంచో వస్తుంది. తునకల కూర మెత్తగా ఉడికాకే తినమని, పాలకూర మూడు నీళ్ళలో కడగమని నిన్ను ఎవరైనా తిట్టారా? లేదు కదా, తిట్లన్నీ అరచెయ్యంత లేని పిల్లికే పడ్డాయి. నిన్ను చూస్తున్న డాక్టరమ్మకు ఇంట్లో పిల్లి ఉందని చెప్పు, అవసరమనుకుంటే రక్తపరీక్ష రాస్తుంది.

ఇప్పుడు నీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. నీకు ఊరట చెప్పడానికి రాయట్లేదు, నేనే ఒకసారి ఈ విషయంలో ఘోరంగా తప్పు చేశాను కాబట్టి రాస్తున్నాను. చాలా ఏళ్ళ కింద, మేం మహబూబ్‌నగర్‌లో ఉన్నప్పుడు, మా ఇంటి వెనక కట్టెల మోపులో ఒక నారింజ రంగు పిల్లి పిల్ల దొరికింది. నాకప్పుడు ఉద్యోగం కొత్త, టెన్షన్, మూడో రోజే ఎవరో తెలిసినవాళ్ళు "మాకియ్యి, పెంచుకుంటం" అంటే సంచిలో పెట్టి ఇచ్చేశా. ఇల్లు చూడలేదు, ఏం పెడతారు అని అడగలేదు, అడిగితే ఎక్కడ వద్దంటారో అని లోపల భయం కూడా ఉండిందనుకుంటా. పదిహేను రోజులకు కలిసినప్పుడు అడిగితే వాళ్ళు మామూలుగా చెప్పారు, ఇంట్లో ఒకటే అరుస్తుందని బాయికాడ వదిలేశారంట, అక్కడ ఎలుకలుంటాయి కదా తింటుందిలే అనుకున్నారంట. రెండు సాయంత్రాలు ఆ చేన్ల గట్ల మీద పిలుచుకుంటూ తిరిగాను, దొరకలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళకు నేను ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు, పోయి చూడలేదు. అందుకే అంటున్నా, సంచి మూతి కట్టినవాళ్ళకూ నీకూ ఉన్న తేడా దాన్ని ఉంచుకోవడంలో, ఇచ్చేయడంలో లేదు, ఇచ్చే ముందు నువ్వు ఏం చేస్తావన్న దాంట్లో ఉంది.

తల్లి పిల్లి కూడా పిల్లల్ని ఒక్కచోట ఉంచదు కదా, ఏడిళ్ళు తిప్పుతుందంటారు. అటక మీద పెట్టింది గడ్డివాములోకి, అక్కడి నుంచి పక్కింటి గూనల వెనక్కి. కానీ అది ముందు చోటు వెతుక్కుని, తర్వాత ఒక్కొక్కదాన్నే మెడ కరుచుకుని తీసుకుపోతుంది. నీ దగ్గరున్నదానికి తల్లి లేదు, చోటు వెతికే పని నీ మీద పడింది. ఇల్లు మారడం దానికి కొత్తేం కాదు, చూడని ఇంట్లో పడేయడమే అన్యాయం. మనింట్లో ఆడపిల్లను ఇవ్వాలంటే ఎంత వాకబు చేస్తాం, అబ్బాయి మేనత్త ఆడబిడ్డ ఎక్కడుంటుందో కూడా తెలుసుకుంటాం. పిల్లి పిల్లను మాత్రం పాత పేపర్ల కట్ట ఇచ్చినట్టు ఇచ్చేస్తాం.

ఆడపిల్ల అంటే గుర్తొచ్చింది, నీ దగ్గరున్న పిల్లి కూడా ఆడపిల్లే. చూడకుండానే ఎలా చెప్తున్నానంటే మూడు రంగులని రాశావు. నారింజ రంగు వస్తుందా నలుపు వస్తుందా తేల్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, రెండు రంగులూ ఒక్క ఒంటి మీద కనపడాలంటే రెండు ఎక్స్‌లు కావాలి, అంటే ఆడదే అయ్యుంటుంది, మూడు రంగుల మగ పిల్లి చాలా చాలా అరుదు. ఇదేదో సరదాకు చెప్పట్లేదు. ఆడపిల్లి అయితే ఈతలు ఈనుతుంది, ఇల్లంతా పిల్లలే అని జనం వెనకాడతారు, మగదైతే తీసుకుంటారు. మనవాళ్ళకు ఆడపిల్లంటే ఉన్న భయం పిల్లుల దాకా పాకింది, ఆ యూరియా సంచి వెనక ఉన్నదీ ఈ భయమే అయ్యుండొచ్చు. మా నానమ్మ అనేది, పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానం చేసినా పాపం పోదని. ఆ మాటకు జడిసే కాబోలు చేత్తో ఎవరూ చంపరు, మూతి కట్టి రోడ్డు పక్కన పెట్టి వస్తారు, ఆ పాపం వాన ఖాతాలోనో ఎండ ఖాతాలోనో పడుతుందని. తిండీ నీళ్ళూ లేక బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే, కాకపోతే మొదటిసారి నేరానికి ఆ చట్టంలో రాసిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ప్లేటు మిర్చి బజ్జీ డబ్బులు. ఎవరు భయపడతారు చెప్పు.

సరే, నీ మూడు సంబంధాలు చూద్దాం.

రైస్ మిల్లు వద్దు. అత్తమ్మ ఆలోచన పాతకాలపు ఆలోచన, అందులో తప్పేం లేదు, వడ్లున్న చోట ఎలుకలు, ఎలుకలున్న చోట పిల్లి, మన ఊళ్ళల్లో ఎప్పుడూ ఉన్న లెక్కే. కానీ ఎలుకను పట్టడం తల్లి దగ్గర చూసి నేర్చుకునే విద్య, దీనికి నేర్పించడానికి తల్లి లేదు, అయిదు వారాల పిల్ల కంటే బాగా మేసిన పందికొక్కే పెద్దగా ఉంటుంది. పైగా ధాన్యం నిల్వ ఉండే చోట ఎలుకల మందు పెట్టకుండా ఉండరు, మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లి చస్తుంది, పురుగు పట్టకుండా బస్తాల మధ్య పెట్టే గోళీల గ్యాసు అయితే మనుషులకే ప్రాణాంతకం. లారీలు సరేసరి. ఇవన్నీ వదిలేసినా, అక్కడ దానికి ఒక మనిషంటూ ఎవరు? "మిల్లులో ఉంటది" అనడం వేరు, "ఫలానావాళ్ళ దగ్గర ఉంటది" అనడం వేరు. అత్తమ్మతో మాత్రం వాదన పెట్టుకోకు. అర్ధరాత్రి లేచి చీర కప్పే మనిషికి పిల్లి అంటే పడదని నేను నమ్మను. ఆమెకు కోడలి మీద, రాబోయే మనవడో మనవరాలో వాళ్ళ మీద భయం, అంతే. పైన రాసిన టాక్సోప్లాస్మా సంగతి డాక్టరమ్మ నోటితో ఆమెకు చెప్పించు, నువ్వు చెప్తే వినరు.

మహబూబ్‌నగర్ ఇల్లు. దీన్ని వెంటనే కొట్టేయను, పిల్లలున్న ఇళ్ళలో పిల్లులు బ్రహ్మాండంగా పెరుగుతాయి, కానీ రెండు విషయాలు నాకు నచ్చలేదు. ఒకటి, అడిగింది పెంచేవాళ్ళు కాదు, పెంచేవాళ్ళ చెల్లెలు. గిఫ్టు అంటే కాగితం విప్పేదాకా లోపల ఏముందో వాళ్ళకు తెలియదన్నమాట, పదిహేనేళ్ళు బతకగల ప్రాణిని అలా ఇవ్వకూడదు. రెండు, అంత చిన్నదాన్ని దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులు మారుస్తూ తీసుకుపోవాలి. ఒకవేళ ఆ అక్కే స్వయంగా ఫోన్ చేసి నీతో మాట్లాడితే అప్పుడు చూద్దాం. అడగాల్సినవి అడుగు: బాబుకు ఎన్నేళ్ళు, మరీ చిన్నపిల్లాడైతే తోక పట్టి లాగకుండా ఎవరు చూస్తారు, పై అంతస్తు అయితే బాల్కనీకి జాలీ ఉందా, ఊరికి పోతే ఎవరు తిండి పెడతారు, ఇంతకుముందు ఏదైనా పెంచారా, అది ఏమైంది. చివరి ప్రశ్నకు వచ్చే జవాబు జాగ్రత్తగా విను. "ఎటో పోయింది" అని నవ్వేసేవాళ్ళకు ఇవ్వకు.

మూడోది పానగల్లు పెద్దమ్మ. నువ్వు ఆమె గురించి "కానీ" అని మొదలుపెట్టి వయసు రాశావు. నాకు మాత్రం ముగ్గురిలో ఆమే నచ్చింది. దూరం లేదు, ఎప్పుడైనా పోయి చూడొచ్చు. ఎవరో అడిగితే కాదు, తనకే కావాలని అడిగింది. పొద్దస్తమానం కొట్టులోనే ఉంటుంది కాబట్టి దానికి తోడు దొరుకుతుంది, ఆమెకూ దొరుకుతుంది. కొట్లో బియ్యం, పప్పుల బస్తాలున్నాయి, పిల్లి వాసనకే ఎలుకలు కొంత దూరం పోతాయి, అత్తమ్మ లెక్క కూడా కలిసొస్తుంది. వయసు విషయం నిజమే, మంచిగా చూసుకుంటే ఇంట్లో పిల్లి పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. మా రెండో పిల్లి, పేరు బుడ్డోడు, పదమూడేళ్ళు ఉంది. కాబట్టి మొహమాటపడకుండా అడుగు, "పెద్దమ్మా, నీకు బాగలేక నెల రోజులు కొడుకు దగ్గరికి పోతే దీన్ని ఎవరు చూస్తారు?" అని. పక్కింటివాళ్ళదో మేనకోడలిదో ఒక పేరు చెప్పాలి, ఆ మనిషితో కూడా నువ్వు ఒక మాట మాట్లాడాలి. ఎవరూ లేరంటే అప్పుడు మీ ఇంటి తలుపే ఆ పేరు అని చెప్పు, నువ్వు బిడ్డనెత్తుకుని తిరిగొచ్చాక ఎలాగూ నల్లగొండలోనే ఉంటావు.

ఒకటి ముందే చెప్పాలి, ఇప్పటికిప్పుడు ఎవరికీ ఇవ్వకు. దొరికినప్పుడు కళ్ళు అప్పుడే తెరిచాయన్నావు, పిల్లి పిల్లలు వారం నుంచి రెండు వారాల్లో కళ్ళు తెరుస్తాయి, అంటే ఇప్పుడు నాలుగున్నర, అయిదు వారాలు. కనీసం ఎనిమిది వారాలు నిండాలి. ఓనర్ దగ్గరికి మీ ఆయన్ను తీసుకుని పోయి "తీసేస్తాం లెండి" అని నసగకుండా ఒక తేదీ చెప్పు, ఫలానా ఆదివారం పానగల్లు పోతుంది, అప్పటిదాకా ఒక్క గదిలోనే ఉంటుంది, వాకిట్లోకి రాదు అని. తేదీ చెప్పినవాళ్ళకు గడువు దొరుకుతుంది, ఇది పిల్లి విషయంలోనే కాదు కిరాయి విషయంలో కూడా నేను చూసిందే.

ఈ మూడున్నర వారాల్లో మొదటి పని ఆ పాలు ఆపేయడం. బర్రె పాలు బర్రె దూడ కోసం, వాటిలోని చక్కెర పిల్లులకు సరిగా అరగదు, నీళ్ళు కలిపినా అంతే, ఆ విరేచనాలకు చాలావరకు అదే కారణం. పిల్లి పాలు తాగుతుందన్నది మన సామెతల్లో ఉంది గానీ దాని కడుపులో లేదు. అయిదు వారాలకు పళ్ళొచ్చేసి ఉంటాయి, ఉప్పు కారం పసుపు వేయకుండా ఉడికించిన చికెన్‌ను సన్నగా చిదిమి, ఆ ఉడికిన నీళ్ళే కలిపి జావలా చేసి రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెం పెట్టు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పడిన కూర ముక్క ఒక్కటి కూడా వద్దు, అవి పిల్లి రక్తాన్నే పాడుచేస్తాయి. పిల్లి పిల్లల కోసం ప్యాకెట్లలో అమ్మే తిండి దొరికితే వేడినీళ్ళలో నానబెట్టి అదీ కలుపు, కుక్కలది మాత్రం కొనకు. మంచినీళ్ళు వేరే గిన్నెలో ఎప్పుడూ ఉండాలి. పాలు మానిపించాక కూడా ఒక రోజు దాటి విరేచనాలు ఆగకపోయినా, లేక ఆట మానేసి మూలన ముడుచుకున్నా వెంటనే పశువుల దవాఖానకు తీసుకుపో, ఇంత చిన్న ఒంట్లో నీళ్ళు పోవడానికి ఎంతోసేపు పట్టదు. అక్కడే నులిపురుగుల మందు కూడా అడుగు. బరువును బట్టి వేయాలి కాబట్టి మనుషుల గోళీ సగం విరిచి వేసే పని పెట్టుకోవద్దు.

బరువు అన్నాను కదా, దానికో ఉపాయం. ఈ వయసులో వారానికి వంద గ్రాములు అటూ ఇటూగా పెరగాలి, ఎనిమిది వారాలకు తొమ్మిది వందల గ్రాముల నుంచి కిలో దాకా ఉండాలి. తూచడానికి ఇంట్లో కాటా ఎక్కడిది? పెద్దమ్మ కొట్లో ఉంది. వారానికోసారి బుట్టలో పెట్టుకుని మీ ఆయన బండి మీద పోయి ఆమె కాటా మీదే తూచండి, సరుకులు తూచే పళ్ళెం కాబట్టి కింద గుడ్డ వేసి. నాలుగుసార్లు తూచేసరికి నీకు ఆమె ఎలాంటి మనిషో తెలుస్తుంది, విసుక్కుంటుందా, పోయినసారి కంటే ఎంత పెరిగిందని తనే అడుగుతుందా. దానికీ ఆ కొట్టు వాసన, ఆమె గొంతు అలవాటవుతాయి. రెండోసారి పోయినప్పుడు చెయ్యి చాపి తనే ఎత్తుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఏంటో ఇప్పుడు చెప్తా.

ఎనిమిది వారాలకు మొదటి టీకా, మూడు నాలుగు వారాలకు మళ్ళీ ఒకటి, మూడో నెల నిండాక రేబిస్ టీకా. మన జిల్లాల్లో పశువుల దవాఖాన అంటే ముందు బర్రెలు, గొర్రెలు, మేకలే, పిల్లుల టీకా నిల్వ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని పోవాలి, లేకుంటే ప్రైవేటు క్లినిక్. జులై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే రోజు, 1885లో ఆ రోజే లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా వేశాడు, ఆ రోజు ప్రభుత్వ పశువుల దవాఖానల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. కుక్కల వరుసలో నిలబడాలి, కాబట్టి బుట్ట మూత గట్టిగా కట్టుకుని పోవాలి. ఇక అసలైంది ఆపరేషన్. నాలుగైదు నెలలకే ఆడపిల్లి ఎదకొస్తుంది, చూలు రెండు నెలలే, ఈతకు మూడు నుంచి అయిదు పిల్లలు మామూలు. ఒక్క ఏడాదిలో పెద్దమ్మ కొట్లో ఎన్నవుతాయో, అప్పుడు ఎవరి చేతిలో ఏ సంచి ఉంటుందో నువ్వే ఊహించుకో. అందుకని అయిదో నెల లోపల పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. ఆ ఖర్చు నీదే అని ఇచ్చేటప్పుడే చెప్పెయ్, ఆమెను పెట్టమనకు, కిరాణంలో వచ్చే నాలుగు రాళ్ళల్లోంచి ఆమె పెట్టలేక వాయిదా వేస్తుంది. నువ్వప్పటికి పుట్టింట్లో ఉంటావు కాబట్టి తీసుకుపోయే బాధ్యత మీ ఆయనది. నల్లగొండలో చేసేవాళ్ళు దొరక్కపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ దవాఖాన ఉంది. బండి ఆపి సంచి విప్పినవాడు ఆయనే కదా, ఈ ఒక్క పని ఆయన పేరునే రాయి.

పెద్దమ్మకు చెప్పాల్సినవి రెండుమూడు ఉన్నాయి, కొట్టు నడిపే మనిషి కాబట్టి ఇంకా ముఖ్యం. పెరుగన్నం మీద పెంచేస్తుందేమో, చాలామంది పెద్దవాళ్ళు అలాగే పెంచుతారు. పిల్లికి మాంసంలో, చేపలో ఉండే టారిన్ అనే పోషకం తిండి ద్వారానే అందాలి, అది లేక కళ్ళు, గుండె దెబ్బతింటాయి. రోజూ ఖరీదైనవేం అక్కర్లేదు, ఉదయసముద్రం పక్కనే ఉంది, చిన్న చేపలు తెచ్చి ఉడికించి ముళ్ళు తీసి పెట్టినా, చికెన్ షాపులో కందనకాయలు ఉడికించి పెట్టినా సరే, దాంట్లో కొంచెం అన్నం కలిపితే కలుపుకోనీ. పచ్చివి మాత్రం వేయొద్దను. కొట్లో అమ్మే జ్వరం గోళీ, అదే పారాసిటమాల్, పిల్లికి విషం, సగం గోళీ కూడా చంపేస్తుంది, ఒళ్ళు వెచ్చగా ఉందని ప్రేమతో వేసే ప్రమాదం ఉంది కాబట్టి ఇది రెండుసార్లు చెప్పు. కుక్కల గోమార్లకు రాసే మందులు కూడా పిల్లికి రాయొద్దు. కలరా ఉండలు, ఎలుకల మందు దాని కాలికి అందే చోట ఉండొద్దు. దారపు ఉండలతో ఆడటం బొమ్మల్లో బాగుంటుంది, రబ్బరు బ్యాండ్లు, దారాలు మింగితే పేగులకు చుట్టుకుంటాయి.

ఇచ్చే రోజు పొద్దున్నే పోండి, చీకటి పడ్డాక కాదు. ఇసుక తొట్టి, తినే గిన్నె, వారానికి సరిపడా అదే తిండి వెంట పంపు, ఇల్లూ తిండీ ఒకేరోజు మారితే దాని కడుపు మళ్ళీ చెడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు మంచం కిందే దాక్కుంటుంది, సరిగా తినకుండా అరుస్తుంది కూడా, బయటికి లాగొద్దని పెద్దమ్మకు చెప్పు, గిన్నె పక్కన పెట్టి తన పని తను చేసుకుంటే అదే వస్తుంది. రెండు వారాల పాటు వెనక గదిలోనే ఉంచి తలుపు వేయాలి, గిరాకీ వస్తూ పోతూ ఉండే కొట్లోకి తర్వాత వదలొచ్చు, లేకుంటే గొంతు తెలిసిన మనిషిని వెతుక్కుంటూ రోడ్డెక్కుతుంది. నువ్వు మొదటి వారం పోవద్దు, ఫోన్ చెయ్. నాకు తెలుసు, పోతావు. పోతే దూరం నుంచి చూసి రా.

చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి పోయినట్టు అని సామెత ఉంది కదా, అలా మాత్రం బండి మీద ఒళ్ళో పెట్టుకుని పోకు, హారన్ మోతకు ఎగిరి దూకుతుంది. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలు రెండు ఒకదాని మీద ఒకటి బోర్లించి అంచులు తాడుతో గట్టిగా కడితే గాలాడే పెట్టె తయారవుతుంది, డబ్బా కొననక్కర్లేదు. లోపల అత్తమ్మ కప్పే ఆ పాత చీరే వెయ్, ఉతకొద్దు, మీ ఇంటి వాసన దాంట్లోనే ఉంటుంది. అత్తమ్మకు ముందే చెప్పు చీర తిరిగి రాదని. ఒక కొత్త చీర కొనిపెట్టు, వద్దంటుంది, అయినా కొను.